చెక్క పిస్తోలు

ఆవిడ పేరు నేనడగలేదు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర బస్సెక్కి నా పక్కన కూర్చుంది. ఒళ్లో చెక్కతో చేసిన పిస్తోలు. ఒక పక్క కోసేసి ఉండటంతో లోపలి స్ప్రింగులు కనిపిస్తున్నాయి. నేను తొంగి చూస్తుంటే తనే చెప్పింది.

"మ్యూజియంల పిల్లలకు ఇది చూపిస్త, అన్నా. ఎనకట మిలిటరీ ఆఫీసర్లు గిసుంటిది జేబుల పెట్టుకునేటోళ్లు. బట్టకు తట్టుకోకుండ, తూటను కొట్టే సుత్తి లోపల్నే దాచిన్రు. చూడుండ్రి."

ఎడమ చేత్తో అందుకుంటే బాగుండదని కుడి చెయ్యి చాచాను. పక్షవాతం తగ్గినా ఆ చేతికి పట్టు రాలేదు. డాక్టరు పిసకమని చెప్పిన రబ్బరు బంతిని ఎప్పుడో మంచం కిందికి తోసేశాను.

ట్రిగ్గర్ నొక్కాను. కదల్లేదు.

"పాడైనట్టుందమ్మా," అన్నాను.

"పాడుగాలే. పిడి ఎనక పట్టీ ఉన్నది చూడుండ్రి. పిడికిలి బిగిస్తె అది లోపలికి పోతది, అప్పుడే ట్రిగ్గర్ కదుల్తది. జేబుల ఉత్తగ పేలొద్దని గట్ల పెట్టిన్రు."

బిగించాను. పట్టీ సగం దిగి ఆగిపోయింది. సిగ్గేసి పిస్తోలు తిరిగి ఇవ్వబోయాను. ఆవిడ తీసుకోలేదు.

"స్ప్రింగు జెర టైట్ ఉన్నది. పిల్లలు సుత ఒక్కసారికి నొక్కలేరు. మళ్ల పట్టుండ్రి."

పళ్లు బిగపట్టి పట్టాను. పట్టీ పూర్తిగా పిడిలోకి దిగింది. వేలు కదిపితే లోపల సుత్తి టక్కుమంది. ఆవిడ తలూపి, పిస్తోలును సంచిలో పెట్టుకుని, తర్వాతి స్టాపులో దిగిపోయింది. నా చేతి సంగతి ఆవిడకేమీ తెలియదు.

ఏ.ఎస్. రావు నగర్‌లో ఇంటికి చేరగానే మంచం కిందికి వంగాను. బంతి గోడ వారకు దొర్లిపోయి, దుమ్ము కొట్టుకుని ఉంది. కుడి చేత్తోనే తీశాను.