తాండూరు ఖాజీ గారి దఫ్తర్లు

పంతొమ్మిది వందల అరవయ్యో సంవత్సరం వానాకాలం మొదట్లో హైదరాబాదులోని మా గ్రంథాలయానికి తాండూరు నుంచి ఒక కార్డు వచ్చింది. ఉర్దూలో, పొందికైన అక్షరాలతో నాలుగే వాక్యాలు. "మా నాన్నగారు ఈ తాలూకాకు ఖాజీగా ఉండేవారు. ఆయన తీర్పులు రాసుకున్న దఫ్తర్లు పదకొండు నా దగ్గర ఉన్నాయి. మూడింటికి చెదలు పట్టింది, వాటిని వానలు ముదరకముందే బావిలో వదలాలనుకుంటున్నాను. చూడదలుచుకుంటే ఆలోపు రండి." కింద ఖైరున్నిసా అని సంతకం.

భగవంతుడి పేరు రాసిన కాగితం కాలి కింద పడకూడదని, పాడైనవాటిని నీళ్ళలో వదలడమో మట్టిలో పాతిపెట్టడమో ముసల్మానుల ఇళ్ళలో ఆచారం. అప్పట్లో నేను ఫారసీ, ఉర్దూ చేతిరాత పుస్తకాలకు జాబితాలు రాసే ఉద్యోగంలో ఉండేవాణ్ణి. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నందుకు దొరికిన ఉద్యోగం అది. కార్డు చూడగానే, ఊరి ఖాజీల మీద పుస్తకం రాస్తున్న మా ప్రొఫెసరు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఇస్లాం ధర్మశాస్త్రం పెద్ద పుస్తకాల్లో ఎట్లా ఉందో చాలామంది రాశారు. ఒక చిన్న ఊళ్ళో అది ఎట్లా నడిచిందో రాసినవాళ్ళు లేరు. ఎట్లాగైనా ఆ పదకొండూ తీసుకొని రా" అన్నారు. మూడు రోజులు సెలవు దొరికింది.

బుధవారం ఉదయం ఏడింటికి నాంపల్లిలో వాడి జంక్షను వైపు పోయే పాసింజరు ఎక్కాను. మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. శంకర్‌పల్లిలో చాయ్ తాగాను. ఎదుటి బల్ల మీద గొంగడి చుట్టుకొని కూర్చున్న పెద్దాయన బంట్వారం దగ్గరి గొర్లకాపరి. కూతుర్ని చూసి వస్తున్నాడట.

"యాడిదాక సారూ?" అన్నాడు.

"తాండూరుకు. పాత కాగితాలు చూడటానికి."

"కాగితాలల్ల ఏముంటది?"

"ఒకప్పటి తగాదాలు, వాటి తీర్పులు."

"ఒడిసిన లొల్లిని మల్ల తవ్వుడెందుకు సారూ? నడుస్తున్నయే మస్తున్నయి కదా" అన్నాడు.

తొమ్మిదిన్నరకు వికారాబాదులో దిగాను. అనంతగిరి వైపు నుంచి చల్లటి గాలి వీస్తోంది. అక్కడ ఒక వకీలు గారిని కలిసి, ఖైరున్నిసా బేగం గారికి పరిచయపు ఉత్తరం తీసుకోవాలి. ఆయన ఖాజీ గారిని ఎరిగినవారు. స్టేషను నుంచి పావుగంట నడిస్తే వాళ్ళ ఇల్లు. జొన్నరొట్టె, గోంగూర పప్పు పెట్టించి, భోజనం అయ్యాక ఉత్తరం రాసిచ్చారు.

"ఒక మాట చెప్త, ఇను" అన్నారు. "చదువుకుంట అని అడుగు. తీస్కపోత అని అడగకు. ఆమె మామూలు మనిషి కాదు."

ఒంటిగంట దాటాక ఇంకో బండి దొరికింది. ధారూరు దాటేసరికి నేల రంగు మారింది, నల్లరేగడిలో కందులు విత్తుతున్నారు. మూడు గంటలకు తాండూరు. స్టేషను బయట నాపరాళ్ళు పేర్చి గోడల్లా నిలబెట్టారు. రాళ్ళ బండ్ల దగ్గర తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినబడ్డాయి. స్టేషను ఎదుటి ముసాఫిర్‌ఖానాలో ఒక మంచం మాట్లాడుకొని, సంచి అక్కడ పడేసి టాంగా ఎక్కాను.

ఖాజీ గారి ఇల్లు బండల గోడలు, బండల కప్పు ఉన్న పాత ఇల్లు. ముందు వరండాలో నాకు కుర్చీ వేశారు. లోపలి గుమ్మానికి వెదురు తెర వేలాడుతోంది. ఆ వెనక నుంచి బేగం గారి గొంతు వినిపించింది. ఊళ్ళో అన్ని కులాల ఆడపిల్లలకూ ముప్ఫై ఏళ్ళు చదువు చెప్పిన మనిషి. నాతో తెలుగులోనే మాట్లాడింది.

"దఫ్తర్లు తీస్కరమ్మని పంపిన్రా బేటా?"

అబద్ధం ఆడలేకపోయాను. "అవునమ్మా."

"చెదలు వట్టినయి బావిలకే. మిగిలిన ఎన్మిది ఇయ్య. గీండ్ల ఉన్నోళ్ళు ఇంక బతికే ఉన్నరు. బజార్ల ఎదురువడ్తరు. వాళ్ళ ఇంటి ముచ్చట్లు పట్నంల నలుగురు చదువుడు నాకు మంచిగనిపియ్యదు. కూసొని చదువుకో, రాస్కో. పేర్లు మాత్రం రాయకు."

మొదట ఒక బడిపిల్లల నోటుపుస్తకం తెర కిందనుంచి జరిపింది. అది పదకొండు దఫ్తర్లకూ ఆమె తయారుచేసిన సూచిక. నిఖా, తలాక్, వారసత్వం, మసీదులకు రాసిచ్చిన వక్ఫు భూములు అంటూ విషయాలవారీగా ప్రతి తీర్పూ ఏ పుటలో ఉందో, ఏ పుస్తకం ఆధారంగా చెప్పారో అందులో ఉంది. మా గ్రంథాలయంలో ఇద్దరు మనుషులు ఏడాదిపాటు చేయాల్సిన పని. నేను ఆ మాటే అంటే, "మధ్యాహ్నాలు ఊకె కూసోవాల్నంటే నాతోని కాదు" అంది.

గురువారం ఉదయం ఎనిమిదింటికే వెళ్ళి కూర్చున్నాను. పదకొండు ప్రాంతంలో, ఏడో దఫ్తరులో, ఒక తీర్పు దగ్గర ఆగిపోయాను. భర్త బొంబాయికి పనికి వెళ్ళి ఏడేళ్ళుగా జాడ లేడనీ, మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చా అనీ ఒక ఆడమనిషి అడిగింది. ఖాజీ గారు వద్దన్నారు. ఆయన అనుసరించే హనఫీ సంప్రదాయం ప్రకారం, జాడలేని మనిషి ఈడువాళ్ళంతా పోయేదాకా అతను బతికి ఉన్నట్టే లెక్క. అంటే ఆమె జీవితాంతం ఎదురుచూడాలి.

కొన్ని పుటల తర్వాత, దాదాపు ఏడాదికి, అదే మనిషి పేరుతో ఇంకో తీర్పు కనిపించింది. "నా వెనకటి మాట సరికాదు" అని దాని మొదలు. మాలికీ సంప్రదాయపు ధర్మవేత్తలు ఇట్లాంటి ఆడవాళ్ళకు నాలుగేళ్ళ గడువు చాలన్నారనీ, అవసరం ముంచుకొచ్చినప్పుడు వాళ్ళ మాట తీసుకోవచ్చనీ, ఈమె పెళ్ళి చేసుకోవచ్చనీ రాసి ఉంది. ఒక తాలూకా ఖాజీ తన తీర్పును తానే కొట్టేసుకోవడం నేను ఎక్కడా చూడలేదు. మా ప్రొఫెసరు గారి పుస్తకానికి ఈ ఒక్క పుట చాలు. అయితే ఈ రెండో తీర్పు రాత వేరు, ఖాజీ గారిది కాదు. మాకొచ్చిన కార్డు మీది అక్షరాలూ అవే.

"అమ్మా, ఇది మీరు రాశారా?"

తెర వెనక ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

"లక్నో నుంచి అచ్చు పుస్తకాలు తెప్పిచ్చుకునేటోళ్ళు మా అబ్బా. ఒకదాంట్ల నాకు గా మాలికీల మాట దొరికింది. ఆర్నెల్లు కొట్లాడిన ఆయనతోని. అన్నం కాడ కొట్లాట, నమాజు చేసి లేస్తే కొట్లాట. ఒకనాడు దఫ్తరు నా ముందట వెట్టి, 'తప్పు నాది, దిద్దినదానివి నువ్వు, నీ చేత్తోనే రాయి' అన్నరు. సంతకం, మొహరు ముద్ర ఆయన వేసిన్రు. గీ ముచ్చట ఇప్పటిదాంక ఎవ్వరికి చెప్పలే."

ఆ సాయంత్రమే, నేను లేవబోతుండగా, నలభై అయిదేళ్ళ ఆడమనిషి ఒకామె వరండాలోకి వచ్చి మెట్టు మీద కూలబడింది. పేరు మదార్‌బీ. అది నేను మార్చిన పేరు, అసలుది రాయవద్దన్నారు కదా. రాళ్ళు నునుపు చేసే పని చేస్తుందట, చేతులు తెల్లగా పగిలి ఉన్నాయి. ఆమె మాట్లాడిన రెండు నిమిషాలకే నాకు తెలిసిపోయింది, పొద్దున చదివిన తీర్పు ఆమెదేనని. ఆ తీర్పు తర్వాత ఆమె ఒక రాతిపనివాణ్ణి పెళ్ళాడింది. అతను మొన్న చలికాలంలో చనిపోయాడు. ఇప్పుడు మరిది ఆ పెళ్ళే చెల్లదంటున్నాడు. చెల్లకపోతే ఆమెకూ, ఆమె బిడ్డకూ ఆ ఇంట్లో భాగం లేదు. శుక్రవారం నమాజు తర్వాత పెద్దలు ఇక్కడికే వచ్చి దఫ్తరు చూస్తారు.

"బేగం సాబ్, ఇరవై ఏండ్లు కాపురం జేసిన. గది నిజమో కాదో కాగితం జెప్పాల్నా?" అంది మదార్‌బీ.

"జెప్పాలంటున్నరు కదా బిడ్డా. జెప్పిద్దాం" అంది లోపలి గొంతు. తీర్పు ఖాజీ గారి రాత కాదని బయటపడితే పెద్దలు దాన్ని తోసిపుచ్చవచ్చని ఆమెకు తెలుసు.

నిజానికి శుక్రవారం మధ్యాహ్నపు బండికే నేను తిరిగి వెళ్ళాలి. పోస్టాఫీసుకు వెళ్ళి, ఒకరోజు ఆలస్యమవుతుందని తంతి ఇచ్చాను.

శుక్రవారం రెండు గంటలకు నలుగురు పెద్దలు వచ్చారు. వాళ్ళలో అందరికన్నా పెద్దాయన మసీదు వ్యవహారాలు చూసే ముతవల్లీ. తెల్లటి గడ్డం, చేతికర్ర. మరిది కూడా వచ్చాడు, ముప్ఫై అయిదేళ్ళ బక్కపలచటి మనిషి. దఫ్తరు తెరిచి చూసీ చూడగానే అతను తల అడ్డంగా ఊపాడు.

"ఇది ఖాజీ సాబ్ రాత కాదు. బేగం సాబ్‌ది. మా చెల్లె పలక మీద గీ రాతనే ఉంటుండె. మొన్న మొన్న రాసి, సంతకం దింపి, ఇంట్ల ఉన్న మొహరు గుద్ది మధ్యల వెట్టిన్రు."

మదార్‌బీ తలవంచుకుంది. ముతవల్లీ తెర వైపు తిరిగి, "బేగం, మీరు ఏమంటరు?" అన్నాడు.

"రాత నాదే. తీర్పు అబ్బాది" అంది ఆమె, తడబడకుండా.

పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడు ముతవల్లీ దృష్టి నా మీద పడింది. "పట్నంల పాత కితాబులు చూసే సాబ్ అంటగదా మీరు. జర చూడున్రి."

నేను వెనకాడాను. నేను వేరే మతంవాణ్ణి, వాళ్ళ ధర్మంలో వేలు పెట్టడానికి నాకేం హక్కుంది? ఇంకోవైపు, రెండు రోజులుగా ఆ దఫ్తరు చదివినవాణ్ణి. లేచి వెళ్ళి ఆ పుట వెలుతురుకు ఎత్తి చూశాను. తర్వాత మెల్లగా తిప్పాను. దాని వెనకవైపు ఇంకో తీర్పు ఉంది, ఖాజీ గారి చేతిరాతలో.

"అయ్యా, ఒకే కాగితం ఇది. ఇటు కూతురి రాత, అటు తండ్రి రాత. కుట్టు విప్పిన గుర్తు ఎక్కడా లేదు. ఖాజీ గారు పోయి ఎన్నేళ్ళయింది?"

"ఎన్మిదేండ్లు" అన్నాడు ముతవల్లీ.

"అయితే ఇది మొన్న మొన్న రాసింది ఎట్లా అవుతుంది? ఆయన చూడకుండా ఆ వెనక ఎట్లా రాస్తారు?"

ముతవల్లీ దఫ్తరు కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. వెనకవైపు ఉన్న సంతకాన్ని వేలితో తడిమాడు. "అవ్, నా దోస్తు చెయ్యే ఇది. చివరి అక్షరానికి తోక గిట్లనే గుంజుతుండె" అన్నాడు. ఆయన కళ్ళు తడిసాయి. ఆ తర్వాత మరిదితో, "అన్న బతికున్నప్పుడు ఆమె చేతి కూడు తిన్నవ్. అప్పుడు చెల్లింది గదరా?" అన్నాడు.

మరిది ఆ పుట వైపు ఇంకోసారి చూశాడు. "సరే. వదినె భాగం వదినెకే" అని లేచి వెళ్ళిపోయాడు. మదార్‌బీ ఏడవలేదు. తెర దగ్గరికి వెళ్ళి, పగిలిన చేతులతో దాని అంచు పట్టుకొని నిలబడింది. లోపలినుంచి ఒక చెయ్యి వచ్చి ఆ చేతుల మీద పడింది.

శనివారం పొద్దున సెలవు తీసుకోవడానికి వెళితే, బేగం గారు చెదలు పట్టిన మూడు దఫ్తర్లూ గుడ్డలో మూటకట్టి వరండాలో పెట్టించి ఉంచింది.

"వీట్ల ఉన్నోళ్ళల్ల ఒక్కరు గూడ బతికి లేరు. బావిల ఏసుడు కన్న నువ్వు చదువుడు మేలనిపించింది. తీస్కపో."

"మరి మీ పేరు రాయవచ్చా అమ్మా? ఆ తీర్పు గురించి రాసినప్పుడు?"

"నిన్న ఊరంతటికి చెప్పిన కదా, ఇంక దాచేదేముంది? రాయి. అబ్బా పేరు కింద రాయి."

పది గంటల బండికి తాండూరు విడిచాను. ఇటువైపు పోదలచినవారికి నేను చెప్పేది కొంచెమే. పొద్దుటి బండికి పొండి, ఉర్దూ చదవడం రాకపోతే వచ్చినవాళ్ళను వెంట తీసుకుపొండి, పత్రాలు ఇమ్మని మొదటిరోజే అడగకండి. ఎనిమిది దఫ్తర్లు లేకుండా తిరిగొస్తున్నందుకు ప్రొఫెసరు గారు ఏమంటారోనన్న బెంగ వికారాబాదు దాకా ఉండి, ఆ తర్వాత తగ్గింది. ఆ ఎనిమిదీ ఆ ఇంట్లోనే ఉండాలి. మేము వాటిని పాతవి అనుకుంటున్నాం గాని, తాండూరులో ఇంకా కొందరి ఇళ్ళు వాటి మీదే నిలబడి ఉన్నాయి.

లింగంపల్లి దాటాక పెట్టె ఖాళీ అయింది. సంచిలోంచి జాబితా చీటీ ఒకటి తీసి, ఆ తీర్పు వివరాలు పెన్సిలుతో రాయడం మొదలుపెట్టాను. ఊరు, భాష, పుటలు రాశాను. కర్త అన్నచోటికి వచ్చాను. ఆ పెద్దామె మాట నేను మీరింది అక్కడొక్కచోటే. తండ్రీ బిడ్డల పేర్లు రెండూ ఒకే వరసలో, పక్కపక్కన రాశాను.