బీడీ కాలేంత సేపు

కారు ఆపాక నేనిప్పుడు ఒక నిమిషం ఇంజిను కట్టేయకుండా కూర్చుంటాను. ఆ నిమిషమంటే నాకు ఒళ్లుమంట.

అప్పట్లో నేనే తోలుకునే నా చిన్న డీజిల్ కారు, ఇంజిన్లోకి గాలి నెట్టే టర్బో పోయి షెడ్డులో పడింది. సాలూరు బస్సెక్కి, కొని రెండేళ్లు కాలేదని కంపెనీని తిట్టుకుంటుంటే, పక్కసీటు ముసలాయన విన్నాడు. లారీ మెకానిక్‌ట.

"బండి ఆపగానే ఇంజిను కట్టేత్తారా బాబూ?"

"మరి? డీజిల్ దండగ కదా."

"అదే తప్పు. టర్బో ఇంకా తిరుగుతానే ఉంటాది. ఇంజిను కట్టేత్తే దానికి ఆయిలందదు, బేరింగు మాడిపోతాది. మా సాలూరు లారీలోల్లు బండి ఆపి, బీడీ కాలేంత సేపు ఇంజిను అలాగే ఒగ్గేత్తారు. మీకెవులూ సెప్పనేదేటి?"

అప్పన్న గుర్తొచ్చాడు. సాలూరు లారీలు తోలి నా దగ్గర డ్రైవరుగా చేరినవాడు. ఇంజిను ఆపకుండా, దర్జాగా బీడీ కాలుస్తూ నా డీజిల్ తగలేస్తున్నాడని, అంతకు ఆర్నెల్ల ముందు వీధిలో నలుగురి ముందూ తిట్టి పనిలోంచి తీసేశాను. ఏదో చెప్పబోతే నోరు మూయమన్నాను.

"లేదండీ, ఎవరూ చెప్పలేదు" అన్నాను ముసలాయనతో.