‘మే’ అన్నదెవరు?

దయ్యాల కథలు చెప్పుకునే పిల్లల్ని బెంచీ ఎక్కించే టీచర్ని నేను. నెల్లూరులో ఒక బడిలో జీవశాస్త్రం చెబుతాను. పోయినవాళ్లు తిరిగొచ్చి మాట్లాడతారంటే ఏనాడూ నమ్మలేదు. అందుకే ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

నా ఒంట్లో ఉన్నది మా అక్క కిడ్నీ. అక్క కాపురం జువ్వలదిన్నెలో. చదువు తక్కువ, నోరు పెద్దది. ఆడవాళ్లెవరైనా సరే, ఆమెకు అందరూ ‘మే’నే, మా పల్లెల్లో చనువుగా పిలుచుకునే మాట. ఆపరేషన్‌కు ముందు కిడ్నీల డాక్టరమ్మను పట్టుకుని, “ఏందిమే, నా చెల్లెలు బతకతాదా?” అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. అక్క ఎదుటే డాక్టరమ్మతో, “సారీ మేడమ్” అన్నాను.

నాకు కిడ్నీ ఇచ్చిన కొన్నాళ్లకు అక్క హైవే దాటుతూ లారీ గుద్ది పోయింది.

మొన్నటి వానల్లో నా పిక్క మీద రూపాయి బిళ్లంత మచ్చ లేచింది. చూసినవాళ్లు తామరన్నారు. తామరంటే ఒంటికి పట్టే బూజే. మందుల షాపువాళ్లు ట్యూబిచ్చారు. రాస్తే తగ్గినట్టే తగ్గి, నల్లగా గడ్డకట్టింది. పిల్లలకు బూజు పాఠం చెప్పే టీచర్‌కే బూజు పట్టిందంటే నలుగురిలో పరువేముంటుంది? చీర కుచ్చిళ్లు కిందికి లాక్కుని తిరిగాను. స్టాఫ్ రూములో ఎవరైనా నా కాళ్ల వైపు చూస్తే ప్రాణం చచ్చిపోయేది.

చివరికి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాను. శ్రీకాకుళం వైపు నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి. నేను వాడే కిడ్నీ మందులు ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తిని తగ్గిస్తాయని, నాలాంటివాళ్లకు తామరలా కనిపించేదంతా తామర కాదని, ముక్క తీసి పరీక్షకు పంపాలని చెప్పారు. ఆ మచ్చ లోపలికి పాకితే కిడ్నీ మందులు తగ్గించాలి. తగ్గిస్తే అక్క కిడ్నీ నిలవకపోవచ్చు. ముల్లేమైనా గుచ్చుకుందా అని అడిగారు. గుర్తు లేదన్నాను.

ముక్క తీసింది పట్టపగలే. మత్తు సూది వేసినా భయం పోక, పమిట కొంగు నోట్లో కుక్కుకుని బోర్లా పడుకున్నాను. గదిలో మేమిద్దరమే. కాసేపటికి డాక్టరు చెయ్యి ఆగింది. “సరేనండీ” అని ఎవరికో బదులు చెప్పినట్టు అన్నారు. మళ్లీ కోశారు. నాకైతే ఇంకేమీ వినబడలేదు. లోపలి నుంచి నల్లటి ముల్లు ముక్క ఒకటి వచ్చింది.

మట్టిలో, ఎండుకట్టెల్లో బతికే నల్ల బూజని రిపోర్టు వచ్చింది. ముల్లుతో పాటే లోపలికి చేరి ఉంటుందన్నారు. మాత్రలతో తగ్గింది. కిడ్నీ నిలిచింది.

కుట్లు విప్పేటప్పుడు డాక్టరు నవ్వుతూ అన్నారు. “ఆ రోజు పైపైన ముక్క తీసి ఆపేసేదాన్ని. ‘ఇంకా లోపలుండాది, తియ్యి మే’ అని మీరే అన్నారు కదా, అందుకే లోతుకు వెళ్లాను. అవునూ, ‘మే’ అంటే ఏంటండీ?”

నేను టౌనుకొచ్చాక ఆ మాట ఎవరినీ అనలేదు. ఆ రోజు నా నోట్లో కొంగు ఉంది. డాక్టరు భ్రమే అనుకుందామన్నా, అర్థం కూడా తెలియని మాట ఆమెకెలా వినిపించింది?

మా అక్క అన్నదని చెప్పాల్సింది. ముఖం చెల్లలేదు. తల దించుకుని, “సారీ మేడమ్” అన్నాను, మళ్లీ.