మా ముసలి పిల్లీ, నీలం డ్రమ్మూ

మా ఇంట్లో టైల్స్ వేయించిన నాటి నుంచి నాకు ఇద్దరితో పోరు మొదలైంది. ఒకటి పిల్లి, ఇంకొకరు మా అత్తమ్మ. పిల్లి తన జాగాలో ఉచ్చ పోయదు. అత్తమ్మ బాత్రూంలో స్నానం చేయదు. పెరట్లో నల్లా దగ్గర, బట్టలుతికే బండ మీద కూర్చొని చీర మీదే నీళ్లు గుమ్మరించుకుంటుంది. ఇదేమిటని అడిగితే "ఈడ గాలి మంచిగొస్తది బిడ్డా" అంటుంది. తర్వాత తడి కాళ్లతో ఇల్లంతా తిరుగుతుంది. పెద్దావిడను గట్టిగా ఏమీ అనలేను. అందుకే ఆ కోపం కూడా కలిపి పిల్లి మీద తీర్చుకునేదాన్ని.

పిల్లికి పద్నాలుగేళ్లు. మామయ్య పోయాక, రామన్నపేట దగ్గరి పల్లెలో గొర్రెల మందను అమ్మేసి అత్తమ్మ నల్లగొండలో మా దగ్గరికి వచ్చింది. వెంట తెచ్చుకున్నవి మూడే: ఒక ఇనుప పెట్టె, మామయ్య కప్పుకున్న గొంగడి, ఈ పిల్లి. మొదట్లో పిల్లి మర్యాదగానే ఉండేది. వెనక వరండాలో పాత రేకు పళ్లెం పెట్టి అందులో ఇసుక పోసేవాళ్లం. మా వీధిలో ఎవరో ఒకరు ఇల్లు కడుతూనే ఉంటారు కాబట్టి ఒక చాటెడు వాగు ఇసుకకు ఎప్పుడూ కొదవ లేదు. పిల్లి వెళ్లి, గుంట తవ్వి, పని చూసుకొని, మూసి వచ్చేది. మూసేటప్పుడు సగం ఇసుక కింద పోసేది. గచ్చు నేల కాబట్టి ఎవరికీ పట్టలేదు.

టైల్స్ వచ్చాక నాకు పట్టింది. మా ఆయనతో రెండేళ్లు పోరి వేయించుకున్న తెల్లటి టైల్స్. ఒక్క ఇసుక రేణువు కాలికి తగిలినా ప్రాణం చివుక్కుమనేది. అందుకని ఆ వారమే ఇల్లంతా ఒక పద్ధతిలో పెట్టాను. బాత్రూం నీళ్లు బయటికి రాకుండా గుమ్మానికి జానెడు ఎత్తు కట్ట కట్టించాను. నీలం రంగు నీళ్ల డ్రమ్మును అడ్డంగా సగానికి కోయించి, ఇసుక బయటికి ఎగరకుండా పిల్లికి లోతైన తొట్టి చేశాను. అందులో వాగు ఇసుక కాకుండా, క్రషర్‌లో రాయిని నూరి చేసే రోబో ఇసుక పోశాను. ఇప్పుడు మా దగ్గర ఇళ్లన్నీ దానితోనే కడుతున్నారు. గోడలకు పనికొచ్చింది పిల్లికి పనికిరాదా? పైగా అది పాదాలకు అంటుకోదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాలుగో రోజున బియ్యం బస్తా అడుగు మూల తడిసింది. తర్వాత కాళ్లు తుడుచుకునే పట్టా. ఆ తర్వాత, దిద్దడానికి తెచ్చి నేల మీద పేర్చుకున్న తొమ్మిదో తరగతి నోటుబుక్కులు. నేను బడిలో సైన్సు చెబుతాను. ఆ పుస్తకాలు ఎండబెట్టి పిల్లలకు తిరిగి ఇచ్చేటప్పుడు వానకు తడిశాయని చెప్పాను. అప్పటికి వాన పడి నెల దాటింది.

ఫినాయిల్ పోశాను. నిమ్మచెక్కలు రుద్దాను. కర్పూరం వెలిగించాను. పక్కింటామె వచ్చి, "నీలిమందు నీళ్ల సీసాలు వెట్టు. కుక్కలు గేటు కాడికి రాకుండ మేము గట్లనే వెడ్తం" అంది. ఇంట్లో మూలమూలకూ ఆరు సీసాలు పెట్టాను. పిల్లి ఒక సీసాకు ఒళ్లు ఆనించి, నా ముఖంలోకి చూస్తూ, నింపాదిగా పోసింది. తల ప్రాణం తోకకొచ్చింది, తోక లేని నాకు.

జబ్బేమో అని పశువుల దవాఖానకు కూడా తీసుకెళ్లాను. కూరగాయల బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కట్టి. వరుసలో నాకు ముందు ఒక బర్రె, వెనక నాలుగు మేకలు. మేకలాయన "పిల్లికి గూడ దవాఖాననా మేడం?" అని నవ్వాడు. డాక్టరు మాత్రం నవ్వలేదు. పొట్ట నొక్కి చూశాడు. టైల్ మీది నుంచి సిరంజితో లాగి నేను పట్టుకెళ్లిన ఉచ్చను పరీక్షించాడు. కాళ్లు మడిచి చూశాడు.

"మూత్రంల ఏం దోషం లేదు మేడం. కీళ్లు అరిగినయ్. ముసలిదైంది, జర మంచిగ సూసుకోన్రి" అన్నాడు.

కీళ్లకూ ఉచ్చకూ ఏం సంబంధం? జబ్బు లేదంటే కావాలనే చేస్తోందన్నమాట అని తేల్చుకొని ఇంటికొచ్చాను.

మా వైపు పిల్లిని చంపరు. బంగారు పిల్లిని చేయించి దానం ఇస్తే తప్ప ఆ పాపం పోదంటారు. కానీ గోనెసంచిలో కట్టి, దారి గుర్తుపట్టకుండా మూడు చుట్లు తిప్పి, దూరంగా విడిచి రావడం మాత్రం పాపం కిందికి రాదు. ఈ వెసులుబాటు ఎవరు కనిపెట్టారో గాని నేనూ దాన్నే వాడుకోబోయాను. ఆదివారం పొద్దున మా ఆయన బండి మీద తీసుకెళ్లి, కట్టంగూర్ దాటాక హైవే పక్కన ఏదైనా ధాబా దగ్గర వదిలి రావాలని ఖాయం చేశాను. కోడి బొక్కలైనా దొరుకుతాయిలే అన్నాను.

"దానికి పండ్లే లేవు, బొక్కలేం తింటది?" అన్నాడు మా ఆయన.

"అయితే రోజూ నువ్వే తుడువు" అన్నాను. ఆయన లేచి గోనెసంచి వెతకడానికి వెళ్లాడు.

అత్తమ్మకు చెప్పక తప్పలేదు. ఆమె పిల్లి వీపు నిమురుతూ విన్నది. "ఇడిసొస్తే ఇడిసి రాన్రి గని, పొయ్యేటప్పుడు నాకు జెప్పకున్రి. నేను సూడలేను" అంది. ఆమె వాదించినా బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. ఆ పూట ఆమె సగం అన్నంలోనే చెయ్యి కడుక్కుంది.

శనివారం బడి నుంచి వచ్చేసరికి మామయ్య గొంగడి తడిసి ఉంది. ఎండలో వేసి తెచ్చి, మడతపెట్టి చాప మీద ఉంచిందట అత్తమ్మ. ఆ గొంగడిని ఆమె ఎవరినీ ముట్టనివ్వదు. నిజం చెప్పాలంటే నాకు సంతోషమే వేసింది. ఇక సంచి ఆమే పట్టుకొస్తుందనుకున్నాను.

"సూడు అత్తమ్మా, నీ పిల్లి జేసిన పని" అని గొంగడి విప్పి ఆమె ముందు పరిచాను.

ఆమె వంగి వాసన చూసింది. "నలభై ఏండ్లు గొర్లమందల పండిన గొంగడి ఇది. ఎన్ని గొర్లు దీని మీద ఉచ్చ వోసినయో, ఎన్ని పిల్లల్ని దీంట్ల సుట్టి తెచ్చిండో మీ మామ. పిల్లి ఉచ్చకు ఏమైతది?" అని దాన్ని దండెం మీద ఆరేసింది. తర్వాత నా వైపు తిరిగింది. "అది మెత్తటి జాగ దేవులాడుకుంటాంది పిల్లా. నీ డ్రమ్ముల ఒక్కపారన్న దిగి నిలవడ్డవా నువ్వు?"

పంతం కొద్దీ చెప్పులు విడిచి దిగాను. దిగాలంటే చీర ఎత్తిపట్టి కాలు మోకాలెత్తు లేపాల్సి వచ్చింది. దిగాక ఆ ఇసుక పాదం కింద కరకరా గుచ్చుకుంది. వాగు ఇసుక నీళ్లలో దొర్లి దొర్లి నునుపు తేలుతుంది. ఇది పగలగొట్టిన రాయి, ప్రతి రేణువుకూ ఒక అంచు ఉంటుంది. ఈ పాఠం నేను పిల్లలకు ఏటా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. ఆ ముసలిది అరిగిన కీళ్లతో ఇంతెత్తు దూకి, దూకాక ఈ అంచుల మీద కూర్చోవాలి. కీళ్లకూ ఉచ్చకూ ఉన్న సంబంధం నాకు డ్రమ్ములో నిలబడి తెలిసింది.

అప్పటికే అత్తమ్మ పెరట్లో మట్టి తవ్వి నా పిండి జల్లెడతో జల్లిస్తోంది. "అయ్యో, అది పిండి జల్లెడ!" అనేసరికే సగం అయిపోయింది. మేస్త్రీలు వదిలేసి వెళ్లిన ఇనుప తట్టలో ఆ మట్టి పోసింది. తట్ట అడుగు గుండ్రం కాబట్టి కదలకుండా నేను చుట్టూ మూడు ఇటుకలు పెట్టాను. పిల్లి వచ్చింది. వాసన చూసింది. ఇటుక మీద ఒక కాలు వేసి, మెల్లగా లోపలికి దిగి కూర్చుంది. మేమిద్దరం నిలబడి పెళ్లి చూసినట్టు చూశాం. మా ఆయనకు ఫోన్ చేసి సంచి అవసరం లేదని చెప్పాను.

ఆదివారం పొద్దున లేచి చూస్తే తట్ట ఒక పక్కకు ఒరిగి ఉంది. తెల్లటి టైల్స్ నిండా మట్టి. మూడు ఇటుకల్లో ఒకటి లేదు. కోపం నషాళానికి అంటింది.

"ఇటుక ఎవలు తీసిండ్రు? ఒక్క దినమన్న గీ ఇల్లు సాఫ్ ఉండనియ్యరా?" అని అరుచుకుంటూ లోపలికి వచ్చాను.

ఇటుక బాత్రూం గుమ్మం ముందు ఉంది, నేను కట్టించిన కట్టకు ఆనించి. లోపల నీళ్ల చప్పుడు. కాసేపటికి తలుపు తెరుచుకుంది. అత్తమ్మ రెండు చేతులతో గోడ పట్టుకొని, ఒక కాలు కట్ట మీదికి తెచ్చి, అక్కడి నుంచి ఇటుక మీదికి దిగింది. టైల్స్ వేసిన తర్వాత ఆమె బాత్రూంలో స్నానం చేయడం అదే మొదటిసారి. నన్ను చూసి, దొంగతనం చేసి దొరికిపోయినట్టు ఆగిపోయింది.

"పిల్లికి మూడు వెట్టినవ్ గద బిడ్డా, ఒకటి నేను తీస్కున్న" అంది.

చలికాలం పొద్దుల్లో కూడా ఆమె ఆ బండ మీద వణుకుతూ కూర్చోవడం చూశాను. గాలి బాగా వస్తుందంటే నమ్మాను. నమ్మడమే నాకు తేలిక.

"లోపటికి దిగేటప్పుడెట్ల?" అని అడిగాను.

"దిగేటప్పుడే జర భయమైతది."

వరండాలోకి వెళ్లి, తట్ట పక్కనున్న రెండో ఇటుక కూడా తీసుకొచ్చి బాత్రూం లోపలి వైపు పెట్టాను. తిరిగి వచ్చేసరికి పిల్లి ఆ ఒరిగిన తట్టలోనే కూర్చొని పోస్తోంది. టైల్స్ మీది మట్టిని ఆ పూట ఊడవలేదు.