పెదవుల మీద మాట

ఫ్రేములు కట్టే ఆయన భార్యకు చిన్నప్పుడే జ్వరం వచ్చి చెవులు పోయాయి. వాటితోపాటే బడీ పోయింది, అక్షరాలు రాలేదు. ఎవరేం మాట్లాడినా సగమే అందేది కానీ, మొగుడి పెదవులు కదిలితే ఒక్క ముక్క పొల్లుపోయేది కాదు. కొట్లో ఆయన గాజు కోస్తుంటే ఆవిడ ఎదురుగా కూర్చుని అట్టలు కత్తిరించేది. బేరగాళ్ళ మీద ఆయన చప్పుడు లేకుండా వాళ్ళ ముందే జోకులేసేవాడు. ఆవిడ నవ్వాపుకోలేక బల్ల కిందకు వంగి, పడని కత్తెర కోసం వెతికేది.

ఆయనకు నోట్లో కేన్సర్ వచ్చింది. రేడియేషన్‌తో తగ్గింది. నోరు ఎండిపోయేది, అంతే. ఏళ్ళు గడిచాక గండం గట్టెక్కిందనుకున్నారు.

ఓ రోజు దవడపన్ను సలిపింది. వీధి చివర పళ్ళ డాక్టరు పీకేశాడు. పాత జబ్బు సంగతి ఆయన అడగలేదు, ఈయనకు చెప్పాలని తట్టలేదు. ఆ గుంట మానలేదు. నాలుకకు గరుగ్గా ఏదో తగులుతుంటే పన్నుముక్క మిగిలిందనుకున్నాడు. అది ఎముకని పెద్దాసుపత్రిలో చెప్పారు. రేడియేషన్ పడినచోట ఎముకకు నెత్తురు సరిగా అందదట, గాయమైతే మానక చచ్చిపోతుందట. మందులు వాడుతుండగానే, మెత్తటి ముద్ద నములుతుంటే దవడ విరిగింది.

చచ్చిన ఎముక తీసేసి, ఆయన కాలి ఎముకే కొంత తీసి అక్కడ అతికారు. నొప్పి పోయింది. కింది పెదవి మాత్రం ఒక పక్కకు జారి కదలడం మానేసింది.

ఇంటికొచ్చి భార్యతో ఏదో అన్నాడు. ఆవిడ ఆయన గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"కాస్త నిదానంగా చెప్పండి," అంది.

అంతకంటే నిదానంగా చెప్పడం ఆయన వల్ల కాలేదు.

అప్పట్నుంచి కూతురే మధ్యవర్తి. తండ్రి ముద్దమాటలు విని, తల్లికి అర్థమయ్యేలా పెదవులతో చెప్పేది. పనులు సాగాయి. కానీ బిడ్డ నోటితో మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకోలేరు, సరసమాడుకోలేరు. ఆ రెండూ ఆ ఇంట్లోంచి పోయాయి.

ఒక సాయంత్రం ఆయన కూతుర్ని పిలిచి, అమ్మకు చెప్పమని ఓ మాట చెప్పాడు. మళ్ళీ ఆవిడతో కబుర్లు చెప్పుకోవచ్చనే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాననీ, ఇలా అవుతుందని తెలిస్తే ఆ నొప్పే భరించేవాణ్ణనీ.

"ఇది నేను చెప్పేది కాదు నాన్నా. నువ్వే చెప్పు," అంది కూతురు.

ఆయన వెళ్ళి భార్య ఎదుట కూర్చుని చెప్పాడు. ఆవిడ రెప్ప వేయకుండా చూసింది. చివరికి తలూపి, "తెలుసు లెండి," అంది. ఆయన ముఖం తేటపడింది.

తర్వాత ఆవిడ వంటింట్లోకి వచ్చి కూతురి భుజం పట్టుకుంది.

"నాన్న ఏమన్నారే?"

కూతురు చెప్పబోయింది. ఏడుపుతో పెదవులు వణికిపోతుంటే, తల్లికి అదీ అందలేదు.