కేసుకు కూడా పనికిరాని రాకెట్

పర్ణశాల దగ్గర మా పెరట్లో, పాత టీవీ ట్రాన్స్‌ఫార్మరుతో నేను చేసిన బుల్లి థ్రస్టరుకు ఈ రోజు హైవోల్టేజీ ఇచ్చాను. అది గాలిని వెనక్కి నెట్టి తాను ముందుకు పోవాలి. అంత వోల్టేజీకి రేడియేషన్ వస్తుందేమోనని మీటరు పట్టుకుని చూస్తుంటే, తీగలు చూసి ఫారెస్టు గార్డు లోపలికి వచ్చాడు.

"ఏంది సారూ, అడవిపందులకు కరెంట్ పెడుతున్నరా? కేసైతది."

"కాదన్నా, ఇది రాకెట్ ఇంజన్. రేడియేషన్ కొలుస్తున్న."

"ఎంతొచ్చింది?"

"ఏం రాలే."

అతను అగ్గిపుల్ల గీసి థ్రస్టరు వెనక పెట్టాడు. మంట కాస్త వంగింది గానీ ఆరలేదు.

"దీనికి దోమ గూడ చావదు సారూ," అని కేసు రాయకుండానే వెళ్లిపోయాడు.

రాసినా కాస్త పరువు దక్కేది. ఏడాది కష్టాన్ని ఒక్క అగ్గిపుల్లతో తేల్చేసినవాళ్లు మీకూ తగిలారా?