సంచిలో పడని చిట్టీలు

కరోనా రెండో విడత సద్దుమణిగిన మరుసటి వానాకాలంలో, మొయినాబాద్‌కూ చేవెళ్లకూ మధ్య ఉన్న ఒక బోధనాసుపత్రిలో నాకు పాముకాటు స్కోరు కార్డు తయారుచేసే పని అప్పగించారు. అప్పుడు నేను గణాంక విభాగాధిపతిని. విభాగంలో నేనొక్కణ్ణే కనుక అది అబద్ధం కాదు. నియామక పత్రంలో మాత్రం ‘స్టాటిస్టీషియన్ కమ్ లెక్చరర్’ అని ఉంది. డాక్టర్లు రోగుల్ని చూసేవారు, నేను రోగుల కాగితాలు చూసేవాణ్ణి.

మా చుట్టుపక్కల పూలతోటలు, కూరగాయల మళ్లు ఎక్కువ. వానలు పడితే పాముకాట్లూ ఎక్కువే. షాబాద్ వైపు ఆరోగ్య కేంద్రాల్లో ఉండే నర్సులకు ఒక కార్డు ఇవ్వాలని మా ఆలోచన. ఒక్కో లక్షణానికి కొన్ని మార్కులు. మొత్తం గీత దాటితే రోగికి ఊపిరి యంత్రం అవసరం పడవచ్చు. దాన్ని నడిపే మనుషులు మా ఆసుపత్రిలోనూ లేరు కనుక వెంటనే నగరానికి పంపాలి. దాటకపోతే ఉంచి చూడాలి. అందరినీ పంపితే ఉన్న ఒక్క అంబులెన్సు ఎప్పుడూ దారిలోనే ఉంటుంది. పంపాల్సినవాళ్లను ఆపితే ప్రాణం పోతుంది.

మార్కులు నిర్ణయించడానికి వాడేది లాజిస్టిక్ రిగ్రెషన్. యంత్రం అవసరమైందా, కాలేదా అన్న రెండే జవాబులున్న ప్రశ్నకు, ఏ లక్షణం ఎంత అవకాశాన్ని పెంచుతుందో అది లెక్కగడుతుంది. చిక్కేమిటంటే, తాను నేర్చుకున్న కేసుల మీదే పరీక్షిస్తే ఏ మోడలైనా సొంత డబ్బా కొట్టుకుంటుంది. ఎంత కొట్టుకుంటుందో తేల్చడానికి బూట్‌స్ట్రాప్ అనే పద్ధతి ఉంది. మా రికార్డుల గదిలోని పాత పాముకాటు కేసు షీట్ల నంబర్లన్నీ చిట్టీల మీద రాసి సంచిలో వేశామనుకోండి. ఒకటి తీసి, రాసుకుని, మళ్లీ సంచిలోనే వేయాలి. ఎన్ని షీట్లున్నాయో అన్నిసార్లు అలా తీయాలి. కొన్ని రెండు మూడుసార్లు వస్తాయి, కొన్ని అసలు రావు. వచ్చినవాటితో మోడల్ కొత్తగా కట్టి, వాటి మీద ఒకసారి, అసలు షీట్లన్నిటి మీద ఒకసారి పరీక్షించి తేడా చూడాలి. ఇదంతా మళ్లీ మళ్లీ చేయాలి. తేడాల సగటును మోడల్ గొప్పల్లోంచి తీసేస్తే మిగిలేది దాని అసలు సామర్థ్యం.

వెయ్యిసార్లు చేశానని సమావేశంలో ప్రకటించాను. నిజానికి రెండు వందలసార్లే. ల్యాప్‌టాప్ వేడెక్కుతుంటే ఆపేశాను. పద్ధతిలో మాత్రం తప్పు చేయలేదు. ప్రతిసారీ లక్షణాల ఎంపిక కూడా మొదటినుంచే చేశాను. ‘కనురెప్పలు వాలడం’ అన్న లక్షణం నిలవలేదు. ఒకసారి మార్కులు పెంచేది, మరోసారి తగ్గించేది, చాలాసార్లు ఎంపికే అయ్యేది కాదు. తీసేశాను.

క్యాజువాల్టీ ఇన్‌ఛార్జ్ మణెమ్మ సిస్టర్ సమావేశంలో చివరి కుర్చీలో కూర్చుంది. చేవెళ్ల దగ్గరి ఊరామె, సర్వీసులో నాకంటే సీనియర్.

“సార్, రెప్పల ముచ్చట కార్డుల ఏది?” అంది.

“లెక్కలో నిలబడలేదమ్మా. వెయ్యిసార్లు పరీక్షించాం.”

“వెయ్యిసార్లా! ఒక్కపారి క్యాజువాల్టీల నిలబడకపోతిరి సార్.”

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. కార్డును ఊళ్లకు పంపేముందు మా ఆసుపత్రిలోనే నెలరోజులు వాడి చూడాలని తీర్మానించారు.

రెండో వారంలో ఒక పొద్దున ఎల్లమ్మ అనే పూలతోట కూలీని ఆమె భర్త ఆటోలో తీసుకొచ్చాడు. రాత్రి తోటలోని షెడ్డులో కింద పడుకుంది. తెల్లవారి కడుపునొప్పి అంది. వాపు లేదు, గాటు లేదు. కట్లపాము కాటు అలాగే ఉంటుంది, నొప్పి కూడా తెలియదు.

“కండ్లు తెరువుమంటే తెరుస్తలేదు మేడం, నిద్ర సాలలేదేమో అనుకున్న,” అని భర్త చెబుతున్నాడు. డ్యూటీ డాక్టరు కొత్తగా చేరిన అమ్మాయి. కార్డు లెక్కేసి నాకు ఫోన్ చేసింది.

“వెంటనే పంపించెయ్యమన్నాను” అని ఈ కథ చాలామందికి చెప్పాను. రిటైరయ్యాక పెన్షనర్ల సంఘంలో ఒకసారి చప్పట్లు కూడా కొట్టారు. ఆ మాట నేను అనలేదు.

“మార్కులు ఎన్ని?” అని అడిగాను.

“గీతకు చాలా కింద, సార్.”

“అయితే ఉంచి చూడండి.”

నేనన్నది ఇదే. అప్పుడు నా చేతిలో టీ గ్లాసు ఉంది. ఫోన్ మణెమ్మ చేతికి మారింది. “సార్, మీ కార్డు మీ దగ్గర్నే వెట్టుకోండ్రి. విరుగుడు మందు ఎక్కించుకుంట బండిల పంపుతున్న. ఏమన్నయితె నా పేరు రాసుకోండ్రి.”

నగరంలో పెద్దాసుపత్రి గేటు చేరేసరికి ఎల్లమ్మకు ఊపిరి ఆగింది. అక్కడ యంత్రం సిద్ధంగా ఉంది. బతికింది.

ఆ మధ్యాహ్నమే క్యాజువాల్టీకి వెళ్లాను. లక్షణం లెక్కలో ఎందుకు నిలవలేదని మణెమ్మను అడిగాను, ఆమెకు లెక్క తెలిసినట్టు. తెలుసు.

“రెప్పలు వాలినోళ్లను మనం చేర్చుకోం గద సార్. ఇన్నేండ్ల సంది గిట్లనే, గేటుకాడికెల్లే పంపుత. చేర్చుకుంటెనే గద మీ కాయితం పుట్టేది.”

సొరుగులోంచి రెఫరల్ చిట్టీల పుస్తకాలు తీసి బల్లమీద పెట్టింది. రెప్పలు పూర్తిగా వాలి, ఊపిరి యంత్రం అవసరమయ్యేవాళ్లు ఆ పుస్తకాల్లో ఉన్నారు. రికార్డుల గదిలో నాకు దొరికినవి, రెప్పలు కొద్దిగా వాలినట్టు అనిపించి, వార్డులో రెండు రోజులుండి నడిచి ఇంటికి వెళ్లినవాళ్ల షీట్లు. సంచిలో లేని చిట్టీ ఎన్నిసార్లు చెయ్యిపెట్టినా రాదు. బూట్‌స్ట్రాప్ మోడల్ గొప్పల్ని తగ్గించగలదు, రిజిస్టరుకెక్కని మనిషిని మాత్రం తెచ్చివ్వలేదు.

డ్యూటీ డాక్టరు నిర్ణయాన్ని కాదన్నందుకు మణెమ్మను సూపరింటెండెంట్ సంజాయిషీ అడిగారు. నా నివేదిక కూడా కోరారు. మొదటి ప్రతిలో ‘డేటా పరిమితుల వల్ల’ అని రాశాను. అది చించేసి, “ఉంచి చూడమని సలహా ఇచ్చింది నేను. సిస్టర్ పంపకపోతే రోగి చనిపోయేది” అని రాసి సంతకం పెట్టాను. ఆమె మీద చర్య తీసుకోలేదు. కార్డు ముద్రణ ఆగిపోయింది. రెఫరల్ పుస్తకాలు పట్టుకుని, పంపినవాళ్లు ఏమయ్యారో నగర ఆసుపత్రుల్లో కనుక్కుని లెక్క మళ్లీ కట్టడానికి ఏడాది పట్టింది.

ఆ తరువాత ఏ పరిశోధకుడు డేటా తెచ్చినా, ఏ పద్ధతి వాడాలన్న మాట వెంటనే ఎత్తలేదు. ఈ రిజిస్టరులోకి ఎవరు రారు, వాళ్లను ఎవరు పంపించేస్తారు అని అడిగేవాణ్ణి. అలా పంపించే మనిషితో మాట్లాడి వచ్చాకే కంప్యూటర్ తెరిచేవాణ్ణి.